ఒంటికాలి బల్ల

లింగరాజపురం ఫ్లైఓవర్ కింద నా షెడ్డు.
రుద్రేశప్ప వచ్చి, గోడకున్న ప్లైవుడ్ ముక్క మీద
నా పెన్సిల్‌తోనే కన్నడంలో రాశాడు:
గుండ్రటి బల్ల. పదిమందికి. మూలలకు కాళ్లు వద్దు.

గుండ్రటిదానికి మూలలేందప్పా అని నవ్వాను.
ఆయన వినలేడు. నవ్వు మాత్రం చూశాడు.
మళ్లీ రాశాడు:
మా సంఘంలో పదిమందీ చేతులతోనే మాట్లాడతాం.
పొడుగు బల్లకు చివర కూర్చున్నవాడి మాట
సగం ఎవరికీ అందదు.

పైపలక ఏముంది.
మేకు కొట్టి, దారం కట్టి, చుట్టూ ఒకసారి తిరిగితే
ఆరున్నర అడుగుల చందమామ.
కింద ఏం నిలబెట్టాలన్నదే
మూడు రాత్రులు తినేసింది.

చెంబు మీద కంచం పెట్టి అంచున వేలితో నొక్కాను.
ఎగిరి పడింది. నాగవేణి లోపల్నించి తిట్టింది.
చెంబు కింద రెండు స్కేళ్లు అడ్డంగా అతికించాను.
స్కేలు ఉన్న వైపు నొక్కితే నిలిచింది,
రెండు స్కేళ్ల నడుమ నొక్కితే మళ్లీ తిట్లు.

అదన్నమాట.
బల్ల పడేది పాదం ఉన్న చోట కాదు,
పాదానికీ పాదానికీ మధ్య.
అన్నం గిన్నెలు ఎన్ని పెట్టినా ఏమీ కాదు,
లేవబోతూ రెండు అరచేతులూ అంచున ఆన్చే
మనిషి బరువుకు లెక్క కట్టాలి.

స్తంభానికి పనస. ఎనిమిది చెక్కలు,
ఒక్కో అంచు ఇరవై రెండున్నర డిగ్రీల వాలు.
అర డిగ్రీ అటూ ఇటూ అయితే ఏం మేస్త్రీ, అన్నాడు ఇంతియాజ్.
పదహారు అంచులురా నాయనా,
పదహారు అరలూ నోరు మూసుకుని వచ్చి
ఎనిమిదో చెక్క దగ్గర ఒక్కసారే పళ్లికిలిస్తాయి.
మొదటి స్తంభం అట్లే ఇకిలించింది.
నీళ్లు కాగాయి దాంతో.

రెండోదాన్ని సైకిల్ ట్యూబులతో చుట్టి బిగించాం.
కింద నాలుగు పాదాలు, గాడి కోసి దూర్చినవి.
పైపలకకు స్క్రూ రంధ్రాలు పొడుగ్గా తీశాను,
వానాకాలం చెక్క ఉబ్బుతుంది, దాని చోటు దానికివ్వాలి.
ఇంకా భయం పోక
స్తంభం బోలులో ముప్పై కిలోల ఇసుక పోసి మూసేశాను.
ఏనుగు ఆనుకున్నా కదలదు.

నలుగురు మోసి మూడో అంతస్తు ఎక్కించాం.
పదిమందీ చుట్టూ కూర్చున్నారు, ఎవరి చేయీ ఎవరికీ అడ్డం లేదు.
రుద్రేశప్ప పిడికిలితో బల్ల మీద రెండుసార్లు గుద్దాడు.
ఎదురుగా జెసింతమ్మ కిటికీలోకి చూస్తూనే ఉంది.
మళ్లీ గుద్దాడు.
ఆమె తల తిప్పలేదు.

నాకు అర్థం కాలేదు.
ఆయన నా చేయి పట్టుకుని
అరచేయి పలకకు ఆన్చి, అవతల అంచున గుద్దాడు.
తడి మట్టి మీద గుద్దినట్టు ఉంది.
ఏమీ రాలేదు.

వాళ్ల పిలుపు మోచేతుల్లోంచి వస్తుందని
నాకెవరు చెప్పాలి? నేనూ అడగలేదు.
ఊగని బల్ల చేశానని మురిసిపోతున్నాను
ఇంటి తలుపుకు దూది కుక్కి.

అక్కడే బోర్లించాం. అడుగు చెక్క విప్పితే
ఇసుక ధారగా దిగింది, పదిమందీ వంగి చూస్తుండగా.
శివాజీనగర్ పాత ఇనుము కొట్లో
రైలుపట్టా ముక్కలు రెండు దొరికాయి.
వాటిని పాదాల పొట్టకిందే బిగించాను.
బరువు నేలకు, బోలు గాలికి.
మృదంగానికీ పనసే కదా,
ఆ సంగతి చేతికి తెలిసినా తలకు తట్టలేదు.

ఈసారి రుద్రేశప్ప గుద్దలేదు.
వేలితో తట్టాడు.
జెసింతమ్మ ఒక్కతే కాదు,
తొమ్మిది తలలు తిరిగాయి.

బిల్లులో ఇసుక డబ్బు కొట్టేశాను.
ఆ బస్తా ఇంకా షెడ్డు మూలనే ఉంది,
పిల్లి దాని మీదే నిద్రపోతుంది.
పక్కన రంపం మిషను ఎంత అరిచినా లేవదు.