ఆకు పొట్లాలు

చదువు రాదనే నన్ను ఏరినారు.
ఠాణాలో పదకొండు మందిమి నిలబడితే
ఇన్‌స్పెక్టరు ఒక పేపరు ముక్క చేతికిచ్చి చదవమన్నాడు.
చదివినోళ్ళను ఇంటికి పంపించినాడు.
నేనూ, కండ్లు సరిగా ఆనని ముసలి హెడ్డూ మిగిలినాం.

గుంతకల్లు జంక్షను. వాన ఎగ్గొట్టిన ఆషాఢం.
బొంబాయి బండి తోకకు రెండు పెట్టెలు తగిలించినారు.
లోపల జపాను దొరలంట, పెండ్లాలంట, పిల్లలంట,
యుద్ధం మొదలైన నాటినుంచీ కాపలాలో ఉండినోళ్ళు.
ఓడెక్కించి తోలుకుపోతే
ఎక్కడో ఒక రేవులో వాళ్ళ ఓడ ఎదురొస్తాదంట,
తలకు తల ఎంచి మార్చుకుంటారంట
సంతలో కోడెల్ని మార్చుకున్నట్టు.
అందాకా వాళ్ళకు ఏ కబురూ తెలీగూడదు.
ఏ ఊరు పడిందో, ఏ ఓడ మునిగిందో,
గుంతకల్లులో బియ్యం శేరు ఎంతో, అదీ తెలీగూడదు.

పొద్దు గూకక ముందే స్టేషన్ మాస్టరు రోజారియో దొర
సుద్దముక్కతో రాసిన యుద్ధం బోర్డును
తడిగుడ్డతో తానే తుడిచినాడు.
కాఫీ హోటలు రేడియో మీద గోనెపట్టా కప్పినారు,
రాత్రికి చిలక పంజరం మీద కప్పినట్టు.
శెనక్కాయల సుంకమ్మ గంప దింపించి
కట్టిన పొట్లాలన్నీ విప్పించినారు.
సుంకమ్మ నోరు ఊరికి తెలిసిందే.
"ఏంది సామీ, నా శెనక్కాయలు ఇంగిలీషు మాట్లాడతాయా?"
తిట్టుకుంటానే మోదుగాకులు తెచ్చి
పుల్లలు గుచ్చి కట్టింది.
ఆకు పొట్లమని కానీ ఎక్కువ చెప్పింది.

ఇంజను మార్చేదానికి మూడు గంటలు.
కొత్త ఇంజనుకు నీళ్ళు పడతా ఉన్నారు.
హెడ్డు బల్ల మీద కునుకుతా ఉన్నాడు.
అప్పుడు ఒక కిటికీ రెక్క వేలెడంత లేచింది.
కండ్లద్దాలు. ఒక కాడ విరిగి దారంతో కట్టింది.
నన్నూ, నా లాంతరునూ చూసి
గొంతు తగ్గించి ఒకటే మాట అడిగినాడు:
"సింగపూర్?"

అయ్యా, ఆ మాట నాది.
ఆర్నెల్లుగా నేను అందరినీ అడిగే మాట.
మా చిన్నోడు ఆడ పల్టన్లో లారీ తోలేవాడు.
పీర్ల పండగకు ముందర వచ్చిన కార్డే కడాది కార్డు.
ఊరు పడిందని చదువు రానోడికి గూడా తెలుసు.
పడిన ఊర్లో మనిషి ఏమైనాడో
చదువు వచ్చినోడికి గూడా తెలీదు.
వీళ్ళ లెక్కలో దొరకు దొర మారకం.
లారీ తోలేవానికి ఎవర్ని ఇస్తారు?

ఆయన భాష నాకు రాదు.
"పడింది" అని చెప్తే నా ఉద్యోగం పోతాది.
ఏం తోచిందో, కిటికీకి నోరు ఆనించి
"ఉసేనప్ప" అన్నాను.

ఆయన భ్రుకుటి ముడేసినాడు.
"ఉ-సే-నప్ప?"
అవునని తల ఊపినాను.
ఏ ఊరి పేరనుకున్నాడో, ఏ సేనాపతి అనుకున్నాడో,
గెలుపనుకున్నాడో, ఓటమనుకున్నాడో,
సిగరెట్టు పెట్టె చించి, జేబులోంచి పెన్సిలు తుంట తీసి
మూడు గీతలు, ఒక చుక్క, మళ్ళీ ఏవో గీతలు.
మోకాలి మీద పెట్టుకొని ఎంత శ్రద్ధగా రాసుకున్నాడో!
మా చిన్నోడి పేరు అంత మర్యాదగా
బడిలో గూడా ఎవురూ రాయలేదు.
రాసింది మడిచి బూటులో దోపుకున్నాడు.
ఆకు పొట్లం ఒకటి లోపలికి ఇచ్చినాను.
రెక్క దిగింది.

తెల్లారి హెడ్డు చెప్తే రైటరు రాసినాడు:
"బండి ఆగినంతసేపూ ఏ కబురూ దాటలేదు."
కింద మస్తానప్ప వేలిముద్ర.
సిరా ఆరకముందే నొసలు తుడుచుకున్నానేమో
సుంకమ్మ నా మొగం చూసి నవ్వి
శెనక్కాయలు చేతిలో పెట్టింది,
మళ్ళీ పేపరు పొట్లంలో.

తిన్నాక ఆ కాగితం పారేయలేదు.
చదివేవాడు దొరికితే చూపిద్దామని
టోపీలో పెట్టుకున్నాను.