ఎడమ కాలు

గడియారం సెంటర్ దుకాణంల
మూడు హైహ్యాట్ స్టాండ్లు నిలవెట్టిండు సేటు.
మెరిసేదాన్ని ఇమ్మానియేలు చూడనే లేదు.

వంగి కాళ్లు చూసిండు,
జోడు పట్టీలా, ఒంటి పట్టీయా.
మర బిగించి, ఇప్పి, బిగించిండు.
వెల్డర్ బామ్మర్ది గోటితో కొట్టి
"ఇది డొల్ల" అన్నడు ఒకదాన్ని.

మర్రిగూడ బోరునీళ్లు తాగిన మోకాలు,
సగమే వంగుతది.
పెడల్ మీద పెట్టి తొక్కిండు.
తాళాలు రెండు దగ్గరికొచ్చి
చిక్ అన్నయ్.
స్ప్రింగు సదలు జేయమన్నడు. మళ్లీ
చిక్.

"బరువుంటే ఉండనియ్ అన్నా,
చర్చి గచ్చు మీద జారొద్దు.
పోయిన ఆదివారం స్తుతి నడుమ
పాతది పాస్టరమ్మ దాక నడిచిపోయింది."

సేటు నవ్విండు.
ఇమ్మానియేలు పైసలు లెక్కవెట్టిండు.

చీకటి బస్సుల
దొరికిన ఒక్క సీటు స్టాండుకిచ్చి
పక్కన తను నిలవడ్డడు.