మాట అందించే మనిషి

నాటకంలో నా చోటు కుడిపక్క తెర వెనక.
చేతుల్లేని కుర్చీ, చిన్న టార్చిలైటు,
నా దస్తూరీలోనే ఉన్న స్క్రిప్టు.
ఎవరు మాట మరిచిపోతే వాళ్ళకి
పెదాలతో అందించాలి.
ముప్పై ఏళ్ళు పోర్టులో ఓడల పద్దులు రాసినవాణ్ణి.
ఎక్కిందెంత, దిగిందెంత,
నాకొచ్చిన విద్య అదొక్కటే.

ఇక్కణ్ణుంచి ఇనపరాయి జపాను వెళ్ళేది.
వన్‌టౌన్ డాబాల మీద ఆరేసిన తెల్లచీరలు
పొద్దుగూకేసరికి ఎర్రబడేవి.
అటునుంచి మనకేమొచ్చిందో ఎవరూ పద్దు రాయలేదు.
నాకు మాత్రం ఒక పుస్తకం వచ్చింది,
ఏ సరంగు వదిలేసిపోయాడో, ఇంగ్లీషులో, అట్ట ఊడి.
అందులో మూడు నాటకాలు.

ఒకదాంట్లో ఆడమనిషి దయ్యం.
(మన దయ్యాలకి పాదాలు వెనక్కి తిరిగుంటాయి,
వాళ్ళ దయ్యాలకి అసలు కాళ్ళే ఉండవట.)
ఒకదాంట్లో తాగేవాళ్ళ గ్లాసులు నింపే మనిషి.
మూడోదాంట్లో భార్య.
యుద్ధం నుంచి రాని మొగుడి కోసం మొదటి అంకమంతా,
వచ్చిన మొగుడి కోసం తక్కిన రెండంకాలూ
ఎదురుచూస్తుంది.

మూడోదే తెలుగు చేశాను.
మొగుడికి నాలుగేసి పేజీల మాటలు.
మామగారికీ, పక్కింటి మాస్టారికీ,
ఆఖరికి పోస్టుమేనుకీ ఓ ఉపన్యాసం.
ఆవిడకి "అలాగే",
"టీ చల్లారిపోతుంది",
మిగతాచోట్లంతా బ్రాకెట్లో మౌనం.
పందొమ్మిది మౌనాలు. లెక్క నాకు అలవాటు.

ఆ వేషం నూకరత్నానిది.
పగలు పెదవాల్తేరులో కుట్టుమిషను, రాత్రి రిహార్సలు.
వాళ్ళమ్మ హార్బర్లో తట్టలతో ఇనపరాయి మోసిన మనిషి.
మొదటిరోజు గంటసేపు మోకాళ్ళ మీద కూచోబెట్టారు.
"వంగాలమ్మా, ఇంకా వంగాలి!
జపాను స్త్రీ అంటే వెదురుకొమ్మ మీద మంచు!"
అని శంబంగి మాస్టారు కేకలు.
నూకరత్నం లేచింది, మోకాలు రుద్దుకుంటూ
నా కేసి తిరిగింది.
"ఈవిడికి మోకాళ్ళు నొప్పెట్టవేటి బాబూ?
ఇది రాసినాయన ఎప్పుడైనా ఇలా కూకున్నాడా?"
పుస్తకం తిరగేశాను. అందులో లేదు.
"ఆ దయ్యం నాటకమే ఎయ్యాల్సింది,
కాళ్ళ గొడవుండదు."

మర్నాటి నుంచి ఒక్కో మౌనం దగ్గరా ఆగేది.
"ఇదేం మౌనం?" అని అడిగేది.
అన్నిటికీ నేను ఒకే మాట రాశాను మరి.
కుట్టుసుద్దతో నా కాగితాల అంచుల్లో తనే గీసుకుంది:
ఉప్పు తక్కువైందని తెలిసీ చెప్పనిది.
ఆఖరి బస్సు పోయినప్పటిది.
డబ్బులు లెక్కెట్టుకుంటున్నది.
పదిహేడోదాని పక్కన ఏమీ గీయలేదు.

ప్రదర్శన రోజు జనం ఓ యాభై మంది.
మూడో అంకం.
మొగుడు వేషం వేసిన భుజంగరావు అడిగాడు,
"నేను లేనప్పుడు ఎలా బతికావు?"
పదిహేడో మౌనం.
ఫ్యాను కిర్రుమంది.
రెండో వరసలో ఎవరో దగ్గి, ఆపుకున్నారు.
దూరంగా, రేవులోంచి బయటికి పోతున్న ఓడ కూత వేసింది.
ఆవిడ పలకలేదు.
నాకు చెమటలు పట్టాయి.
టార్చి వేసి, పెదాలు కదిపి,
"తెలుసులే, తెలుసులే" అని అందించాను,
అది మొగుడి మాట.
తల ఒక్కటీ తిప్పి చూసింది నా కేసి.
మరిచిపోయినవాళ్ళు అలా చూడరు.
టార్చి ఆర్పేశాను.

అప్పుడు, నెమ్మదిగా,
కిందికి మడిచిన కాలు ఒకటి బయటికి లాగింది.
తర్వాత రెండోది.
మొగుడి ముందు, మా అందరి ముందు బారజాపుకుంది,
తట్టలు దింపి రేవు మట్టిలో కూలబడ్డట్టు.
కీళ్ళు విరిగిన చప్పుడు నా కుర్చీ దాకా వినిపించింది.
"టీ చల్లారిపోతుంది" అంది,
అని, కప్పు తనే ఎత్తుకుని తాగింది.

శంబంగి మాస్టారు రెండ్రోజులు మాట్లాడలేదు.
మూడోరోజు ఆవిడ కొట్టుకే వచ్చి నిలబడ్డాడు.
"జపాను ఆడది అలా చస్తే కూచోదు!"
నూకరత్నం సూదిలోకి దారం ఎక్కిస్తూ
తలెత్తకుండానే అడిగింది,
"ఎంతమందిని చూసేరు మాస్టారూ?"

మేమెవరం
ఒక్కర్నీ చూళ్ళేదు.