పన్నెండు డిగ్రీల వాలు

డెండర్ నది ఒడ్డున, సైకిళ్ళు బాగుచేసే కొట్టు మీద
మొదటి అంతస్తులో గోడెలీవ్ అక్షరాలు గీసేది.
నేను బ్రష్షులు కడిగేవాణ్ణి, కాగితాలు కోసేవాణ్ణి,
గాలికి ఎగిరిపోయిన ఆర్‌లను మెట్ల మీంచి ఏరుకొచ్చేవాణ్ణి.

నేను చేరిన ఏడాదంతా ఒకే అక్షరాల కుటుంబం.
తలకు పాగా లేదు, కాలికి కడియం లేదు,
కొసల్లో ఏ సింగారమూ లేదు.
రొట్టెను కత్తితో తెగ్గోసినట్టు మొదలై
అలాగే ముగుస్తుంది ప్రతి గీతా.
ఒళ్ళు మాత్రం దిట్టమైన ఒళ్ళు,
బీట్‌దుంపల బస్తాలు మోసి మోసి తేరిన భుజాలు.
పైగా ఒక వాలు, కుడివైపుకి, పన్నెండు డిగ్రీలు.

"నిలువు అక్షరాన్ని పట్టుకుని పక్కకి నెట్టేస్తే సరి కదా" అన్నాను.
ఆమె మాట్లాడకుండా ఒక ఓ గీసి, నెట్టి చూపించింది.
పైన కుడి భుజం వాచింది, కింద నడుము చిక్కింది,
మూడో గ్లాసు తర్వాత మా మావయ్య నిలబడ్డట్టు ఉంది.
"వాలడం వేరు, తూలడం వేరు" అంది.
"వాలేవాడికి ఎటు వెళ్ళాలో తెలుసు."

మళ్ళీ గీసింది. మళ్ళీ.
ఎస్ దగ్గర పదకొండు రోజులు ఆగిపోయింది.
ఆ పదకొండు రోజులూ కిటికీలోంచి చూసేది
ఎదురుగాలిలో రాళ్ళబాట ఎక్కే కుర్రాళ్ళను:
హ్యాండిల్ మీదకి వంగిన వీపులు,
పడిపోవడానికీ దూసుకుపోవడానికీ మధ్య
వెంట్రుకవాసిలో నిలబడ్డ దేహాలు.
తర్వాత వచ్చి, లోపలి తెలుపుని కొంచెం పెంచేది.
"నలుపు ఎంతైనా పొయ్యి,
ఊపిరికి చోటు లేకపోతే అది అక్షరం కాదు, మరక."

బయటికెళ్ళాక దాని బతుకు దానిదే.
దాన్నెవరూ కూర్చుని చదవరు,
దారిన పోతూ పోతూ ఢీకొంటారు.
ఆదివారం సైకిల్ పందేల పోస్టర్లు ఎక్కింది.
టైర్ల దుకాణం, ఐస్‌క్రీం బండి,
"అంతా అమ్మేస్తున్నాం" అంటూ నాలుగేళ్ళుగా అమ్మేస్తున్న చెప్పుల షాపు,
వేయించిన బంగాళదుంపల గుడిసె నెత్తిన
రాత్రి రెండింటికి కూడా కేకేసే ఎర్రటి పేరు.
నత్తల సూపు అమ్మే ముసలాయన కూడా రాయించుకున్నాడు;
నత్తలు ఎక్కడికో తొందరపడుతున్నట్టుండేవి,
అయినా కుండ ఖాళీ అయ్యేది.

ఒక్క మాటైతే ముద్దు. రెండైతే సరే.
ఒక దంతవైద్యుడు పేరా మొత్తం దాంతో వేయించాడు,
నలభై మంది ఒకే గుమ్మంలోంచి తోసుకొచ్చినట్టుంది.
ఆ నెల ఎవరూ పళ్ళు పీకించుకోలేదని విన్నాం.
మందు సీసాకి పనికిరాదు.
క్షమాపణకి అసలే పనికిరాదు,
తప్పు చేసినవాడు ఛాతీ విరుచుకుని వచ్చినట్టుంటుంది.

ఒక నవంబరులో జెర్మైన్ వచ్చింది, తడి గొడుగుతో.
ఒమేర్ పోయాడు. ముప్ఫయ్యేళ్ళు లారీ తోలాడు,
చివరి లారీ తలుపు మీద అతని పేరు మా అక్షరాల్లోనే ఉండేది.
"చావు కార్డు మీద కూడా అదే కావాలి."
గోడెలీవ్ కళ్ళజోడు తీసేసింది.
"కుదరదమ్మా. దీనికి ఆగడం రాదు."
"ఆయనకు మాత్రం వచ్చా?" అంది జెర్మైన్.

కాసేపు వాన చప్పుడు.
కింద కొట్లో ఎవరో చక్రం తిప్పి చూస్తున్నారు, టకటకటక.

ఆ రాత్రి నాలుగు అక్షరాలు పేర్చింది.
నలుపు కాదు, లారీ తలుపు నీలం కూడా కాదు,
తడిసిన పలక రంగు.
మధ్యలో పెట్టలేదు. ఎడమ అంచుకి దగ్గరగా, కింద.
మిగతా కార్డంతా తెలుపు.
పొద్దున్నే అచ్చాఫీసు కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు,
పేరు పక్కకి జరిగిపోయింది, సరిచేయమంటారా అని.

"కుడివైపు ఎంత ఉంది?"
స్కేలు పెట్టి కొలిచాడు. తొమ్మిది సెంటీమీటర్లు.
గోడెలీవ్ ఆలోచించింది.
"కార్డు ఇంకాస్త పొడుగ్గా కోయించు."