హీతిస్తు

ఐదో తరగతిలో నేనే నేర్పాను.
ఒక మాట తీసుకోండి, చివర 'ఇస్తు' తగిలించండి,
బతుకుతెరువు పుడుతుంది.
పన్నుకి తగిలిస్తే పళ్ళ డాక్టరు,
పువ్వుకి తగిలిస్తే పూలు అమ్మేవాడు.
మోక్రాన్ చెయ్యెత్తాడు:
"మా నాన్న చేపలమ్ముతాడు, ఆయనకి తగలదా మేడమ్?"
తగలదన్నాను.
ఫ్రెంచి అంతే, కూర్చో అన్నాను.

పదిహేనేళ్ళ తర్వాత అల్జీర్స్‌లో,
బాబెల్ వేద్ బేకరీ వెనక,
ఒక కాలు నేల మీద, ఒక కాలు గోడకి తన్నిపెట్టి
వరసగా వాళ్ళే. మోక్రాన్, బూఅలెమ్, లూనెస్.
ఏం చేస్తున్నావురా అంటే
"హీతిస్తుని మేడమ్."

హీత్ అంటే మా ఇళ్ళ అరబ్బీలో గోడ.
తోక ఫ్రెంచివాళ్ళది.
ఓడలెక్కే తొందరలో
సామాన్లలో పట్టక వదిలేసి ఉంటారు.
తల అమ్మది, తోక దొరది,
మధ్యలో వీళ్ళు.

ఆ మాట తనే కనిపెట్టానంటాడు బూఅలెమ్.
కాదు మాదంటారు బెల్‌కూర్ కుర్రాళ్ళు.
ఓరాన్‌లో మా తోడికోడలు
వాళ్ళ వీధిలోనే పుట్టిందని ఒట్టేస్తుంది.
గోడ లేని ఊరెక్కడుంది?

అర్థం అడిగితే రోజుకొకటి చెబుతారు.
గోడ పడిపోకుండా కాసేవాడు.
గోడ దగ్గర పాఠం వినేవాడు.
ఉద్యోగాల ఆఫీసు ఫారంలో
వృత్తి అన్నచోట లూనెస్ అదే రాశాడు.
గుమాస్తా నవ్వలేదు,
తప్పిపోయిన ఒక 'త' చేర్చి
ముద్ర కొట్టాడు.

ఆ గోడే ఎందుకంటే, అవతల పొయ్యి.
జనవరిలో సముద్రం మీంచి గాలి కోసుకొస్తుంటే
వీపుకి వెచ్చన.
ఎండలు ముదిరితే ఎదుటి గోడకి మారతారు.
దాన్ని బదిలీ అంటారు.

గోడలకి చెవులుంటాయంటారు,
మా గోడకి వీపులున్నాయి.
సున్నం మీద జిడ్డుమరకలు, మనిషికొకటి.
లూనెస్ మరక ఖాళీ. ఒక రాత్రి పడవెక్కాడు.
పడవెక్కినవాళ్ళకి వేరే మాట ఉంది.
దాన్ని నేను విడదీసి చూడలేదు.

నేను రిటైరయ్యాక ఒక పొద్దున
రొట్టెలు ఆలస్యమయ్యాయి. మోకాళ్ళు నొప్పి.
మోక్రాన్ జరిగి చోటిచ్చాడు.
ఆనుకున్నాను. నిజంగానే వెచ్చగా ఉంది.

"ఆడవాళ్ళయితే ఏమనాలి మేడమ్?"

మారదురా, ఇస్తుకి ఆడా మగా ఒకటే.

"అవును," అన్నాడు వాడు,
"పరీక్షలో దానికే మీరు
అర మార్కు తగ్గించారు."