అరవై డిగ్రీల నీళ్ళు

ఓల్యావ్ రేవులో చేపల బజారు వెనక
మా ఆసుపత్రి రెండే గదులు.
ముందు గదిలో డాక్టర్ సెకైరా,
వెనక గదిలో నేనూ, ఒక తొట్టీ, కారే కుళాయీ.

పదకొండేళ్ళుగా బొచ్చు కడుగుతున్నాను.
కంటికంటే ముందు చేతికి తెలుస్తుంది.
రొట్టెముక్కలూ చారునీళ్ళతో పెరిగిన వేటకుక్క వీపు
ఎండుగడ్డిలా గరగరమంటుంది.
ఉప్పుకయ్యల్లో ఈదొచ్చిన దానికి
ఇంత మంచినీళ్ళు పొయ్యకపోతే
వారం తిరక్కుండా తోక మొదట్లో పుండు.
చెవి వెనక వేడి, వేళ్ళ సందుల్లో పులిసిన పిండి వాసన.
ఎవరూ ఏడవని జబ్బులు ఇవన్నీ.

ఫిబ్రవరిలో దెయొలిందా వచ్చింది,
బట్టల బుట్టలో పిల్లిని పెట్టుకుని.
పేరు ఫులీజెం. మసి అని అర్థం.
మసి అంతా వీపు మీదే.
బొడ్డు నుంచి తొడల దాకా
ఒలిచిన వెల్లుల్లి రెబ్బలా నున్నగా,
ఒక్క వెంట్రుక లేదు.

"మా అన్న పోయిన నాటినుంచీ నాక్కుంటూనే ఉంది.
దుఃఖం," అంది.
బజారు బజారంతా అదే మాట.
సార్డీన్లు అమ్మే ఫ్లోరిపెస్ కొంగులేని కళ్ళు
చేపల చేత్తోనే ఒత్తుకుంది.
అబీలియు కోసం మనుషులైనా
ఇంతగా బెంగపడలేదన్నారు వలలు అల్లేవాళ్ళు.

డాక్టర్ ఏమీ అనలేదు.
సన్నపళ్ళ దువ్వెన తీసి
నడుము మీంచి తోక దాకా ఒక్కసారి లాగి
తడి కాగితమ్మీద దులిపింది.
మిరియాల పొడిలాంటి నలుసులు.
చూస్తుండగానే ఒక్కో నలుసు చుట్టూ
తుప్పు రంగు వలయం.

"నెత్తురు. గోమారి తాగి వదిలింది.
దాని ఉమ్మి దీనికి పడదు.
ఒక్కటి కుట్టినా చాలు, రోజుల తరబడి దురద."

దెయొలిందా ముఖం చిన్నబోయింది.
నువ్వుగింజలో సగం లేని పురుగు
వాళ్ళన్నకి దక్కిన పెద్ద ఏడుపుని
ఎత్తుకుని ఎగిరిపోయినట్టు.
"పురుగేనా?" అంది.
"ఒట్టి పురుగేనా?"

మెడ వెనక, నాలుక అందని చోట, నెలకోసారి మందు.
సోఫా సందులు, మంచం కింద, గడప మూల
గుడ్లు ఎక్కడైనా ఉంటాయి, ఊడుస్తూనే ఉండాలి.
"పిల్లి ఎక్కడ పడుకుంటుంది?"

చాలాసేపు జవాబు రాలేదు.
"వాడి స్వెటర్ మీద."
"ఉతికారా?"
వెనక గదిలో నేను కుళాయి కట్టేశాను.
కట్టినా అది కారుతూనే ఉంది.
"పొగాకూ, తారూ, వాడి మెడ చెమటా...
లేదు. అయిదు నెలలు."
"అరవై డిగ్రీల నీళ్ళలో ఉతకాలి,"
చీటీ రాస్తూ తలెత్తకుండా అంది డాక్టర్.

ఏప్రిల్లో మళ్ళీ వచ్చారు.
పొట్ట మీద లేత బెండకాయ నూగు, బూడిద రంగులో.
ఎదురు నిమిరి చూశాను. చర్మం చల్లగా ఉంది.
ఫులీజెం రెండుసార్లు నాక్కుంది,
ఎంత కావాలో అంతే, మానేసింది.

బుట్ట అడుగున ఏదో నీలంగా కనబడింది.
ఉన్ని కదా, అంత వేడికి ఓర్చుకోలేదు.
పడవ లాగిన మనిషి రొమ్ము కప్పిన అల్లిక
కుదించుకుని కుదించుకుని
మూడేళ్ళ పిల్లాడి కొలతకి వచ్చింది.
"వాసన పోయింది," అంది దెయొలిందా.
కాసేపాగి,
"దీనికి మాత్రం ఇప్పుడే సరిపోయింది."

పిల్లి అప్పటికే ఒక చేతిలోకి తల దూర్చేసింది.

ఎండలు ముదిరాయి.
ఫిబ్రవరిలో మణికట్టు దాకా గుండీలు పెట్టుకొచ్చిన మనిషి
ఇవాళ చొక్కా చేతులు పైకి మడిచింది.
మోచేతుల దాకా గోటి గీతలు,
పాతవి, మానుతున్నవి.
గోమార్లవేనేమో.

అడగలేదు నేను.
తొట్టి కడిగి
తువ్వాలు ఆరేశాను.