తోడు

పైడిభీమవరంలో మా ఫ్యాక్టరీ గోడకి అవతల జీడితోట,
ఇవతల నాలుగంగుళాల అద్దం వెనక
ముప్పయ్యారు డిగ్రీల దగ్గర
ఊపిరి తీసుకుంటున్న స్టీలు బాన.
పన్నెండేళ్ళుగా దానికి నేను కాపలా.

ఆ ఎండాకాలం మలావీ నుంచి తియామికే వచ్చింది,
మూడు విమానాలూ, ఒక ఆర్టీసీ బస్సూ మారి.
వాళ్ళ సర్కారుకీ మా కంపెనీకీ పొత్తు కుదిరింది:
ఇకమీదట టీకా సీసాలు కాదు,
టీకా చేసే విద్యే ఇస్తామని.
ఒప్పందం అరవై రెండు పేజీలు.
నలభై ఒకటో పేజీలో, చిన్నక్షరాల్లో,
మూలబీజం మాత్రం మా దగ్గరే ఉంటుందని.
ఏటేటా కొనుక్కోవాలని.

ఆమెకి రణస్థలంలో తవిటమ్మ మేడ మీద గది.
తవిటమ్మ కాచిన పాలల్లో వేలు ముంచి
మణికట్టు మీద చుక్క వేసుకుంటుంటే చూసి
"ఎన్ని డిగ్రీలో అడుగు" అంది నాతో.
"డిగ్రీలేటి బాబూ, నా ఏలికి తెల్దేటి?"

ఇంతలో పక్కింటి గుంట గ్లాసు పట్టుకొచ్చింది.
"మా పెరుగు పాడైపోనాది, అమ్మ తోడట్రమ్మంది."
ఒక చెంచాడు. అంతే.
డబ్బులు తీసుకోదా అని తియామికే.
నేను తెలుగులోకి తిప్పేసరికి తవిటమ్మ మొహం చిట్లించింది.
"తోడుకి డబ్బులేటి?
రేపు నాది పాడైపోతే నానెవలింటికెల్లాల?
దీపాలెట్టినాక మాత్రం ఇవ్వను, అది సాత్రం."

ఆ రాత్రి నలభై ఒకటో పేజీ మళ్ళీ తీశాను.
ఎవరింట్లో దీపాలు పెట్టారని
మేం ఇవ్వడం మానేశాం?

మందస కొండ కింద, డెబ్భై తొమ్మిదిలో,
మా అక్క చిన్నమ్మడు తట్టుతో పోయింది.
వేపమండలు కట్టారు. చల్ల పోశారు.
ఆ మందు ఎక్కడో పుట్టి అప్పటికే పదహారేళ్ళని
డిగ్రీ రెండో ఏడు పుస్తకంలో చదివాను.
పదహారేళ్ళు ఏ స్టేషన్లో ఆగిపోయిందో
పుస్తకంలో లేదు.

మర్నాడు తియామికే చెవిని బానకి ఆనించమన్నాను.
ఏడో గంటలో దాని గొంతు మారుతుంది,
వరద ముందు నాగావళిలా, లోపల్లోపల.
అప్పుడు గాలి పెంచాలి. మీటరు చెప్పేసరికి ఆలస్యం.
ఇది ఏ పేజీలోనూ లేదు.
రాయాలని తోచలేదు గనక
దాచాలనీ ఎవరికీ తోచలేదు.

మీటింగులో నోరు జారాను:
"తోడు ఇవ్వకుండా పెరుగు నేర్పుతున్నాం సార్."
పట్నాయక్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.
"పొత్తంటే లెక్క కూడానోయ్.
బ్యాంకు వాడికి నీ పెరుగు చూపిస్తావా?"
ఆయన అబద్ధమేమీ చెప్పలేదు.
రెండు నెలలు జీతం ఆగిన ఏడాది
అప్పు తెచ్చి మమ్మల్ని నిలబెట్టింది ఆయనే.
అయినా ఏమనుకున్నారో, పేజీ మార్పించారు:
అయిదేళ్ళ తర్వాత మూలబీజం ఇస్తారట.

తవిటమ్మకి చెబితే గిన్నె మీద మూత పెడుతూ అంది,
"అయిదేళ్ళకి పాలేటౌతాయి?"

తియామికే వెళ్ళిన ఏడో నెల.
మొదటి మూడు బ్యాచ్‌లూ చచ్చిపోయాయి;
ఒకటి కరెంటు వల్ల, రెండు ఎందుకో తెలియక.
నాలుగోసారి ఆమె రాయలేదు,
ఒక ఆడియో పంపింది.
హైవే పక్కన టీ బడ్డీ దగ్గర, ఒక చెవిలో వేలు పెట్టుకుని విన్నాను.
లారీ. ఇంకో లారీ. ఏమీ లేదు.
మళ్ళీ మొదట్నుంచి పెట్టాను.

"ఎవులండీ ఫోన్లో, మాటాడ్డం లేదు?" అన్నాడు బడ్డీవాడు.
చెయ్యెత్తి ఆగమన్నాను.
ఆ గొంతు, అప్పుడే,
మారుతోంది.